తెలియక పెట్టిన విషం: దోషం ఎవరిది?

తొలకరి పడగానే పుట్టల మీద, పచ్చికలో పుట్టగొడుగులు లేస్తాయి. కూలి కుటుంబాలకు అది ఖర్చులేని కూర. తల్లి ప్రేమతో వండిన ఆ కూరే బిడ్డల ప్రాణం తీస్తే ఆమె దోషి అవుతుందా? సమాజసేవలో ఉన్న మనం ఈ ప్రశ్నను దాటిపోలేము.

తథాగతుని చివరి భోజనం గుర్తు చేసుకుందాం. పావాలో కమ్మరి చుందుడు వడ్డించిన ‘సూకరమద్దవం’ పంది మాంసమని కొందరు, పుట్టగొడుగులని కొందరు అంటారు. ఏదైనా కానివ్వండి. దాన్ని తనకు మాత్రమే వడ్డించి, మిగిలినది గోతిలో పూడ్చమన్నాడు భగవానుడు. జబ్బుపడిన తరువాత, చుందుడు పశ్చాత్తాపంతో కుమిలిపోకుండా చూడమని ఆనందుడికి చెప్పాడు. ఈ రెండు మాటలూ కలిపి చదవాలి. పెట్టిన చేతిని నిందించకపోవడం కరుణ. మిగిలినది మరొకరి విస్తట్లో పడనీయకపోవడం ప్రజ్ఞ. ధమ్మానికి ఈ రెండూ మూలస్తంభాలన్నారు బాబాసాహెబ్.

కర్మకు మూలం సంకల్పం. చంపాలనే తలంపు లేనిచోట హత్య లేదు. చట్టమూ అదే చెబుతుంది. కానీ నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అదీ నేరమే. ధమ్మం కూడా అప్రమాదాన్ని, అంటే ఏమరుపాటు లేని నడతను కోరుతుంది. మంచి మనసు ఒక్కటే చాలదు.

వెండి చెంచా నల్లబడకపోతే మంచివని, పురుగు కొరికితే తినవచ్చని, బాగా ఉడికిస్తే విషం పోతుందని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మూడూ అబద్ధాలే. అమానిటా జాతిలోని ప్రాణాంతక విషం ఉడికించినా పోదు. సాధారణంగా 6 నుంచి 12 గంటల దాకా ఏ లక్షణమూ కనిపించదు. తరువాత వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అవి తగ్గినట్టే తగ్గి, కాలేయం దెబ్బతింటుంది.

చెదపుట్ట మీద మొలిచే మంచి రకానికి కాడ వేరులా పుట్టలోకి దిగి ఉంటుంది. అమానిటాకు కాడ మొదట్లో సంచి ఉంటుంది. పైగొడుగు తుంచి తెస్తే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది. పచ్చికలో లేచే ఒక విషపు రకం లేతలో అచ్చం మంచిదానిలా తెల్లగా ఉండి, ముదిరాక గొడుగు అడుగున ఆకుపచ్చబారుతుంది. ఈ గుర్తులు పారవేయడానికే పనికివస్తాయి, తినడానికి అనుమతి కావు. అనుమానం ఉంటే పారవేయాలి. తిన్నాక అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురుచూడక, మిగిలిన ముక్కతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెద్దలు చెప్పారనో, ఆచారమనో నమ్మవద్దని, పరీక్షించి చూడమని కాలాములకు చెప్పిన బోధ వంటింటికీ వర్తిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే అడవిని చూసి నేర్చిన గిరిజన తల్లుల జ్ఞానం వేరు. అది పరీక్షకు నిలిచినది. అయినా ఆ అడవి దాటితే అదీ చాలదు.

2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవారే. తెలుసుకునే వీలు లేని తల్లిని ఎలా నిందిస్తాం? తెలిసి కూడా వానలకు ముందు ఆ వాడకు వెళ్లి చెప్పని చదువరులదే అసలు ప్రమాదం. ఆకలి ఉన్నచోట ‘తినవద్దు’ అని చేతులు దులుపుకోవడమూ కరుణ కాదు. ఆ పళ్లెంలోకి మరో కూర వచ్చేదాకా మన బాధ్యత తీరదు.