ఆప్తుడి మాటకు హద్దు

పన్ను కట్టే మనిషికి కణజీవశాస్త్రం తెలియదు. ఆ పన్ను ఖర్చుపెట్టే మంత్రికీ సాధారణంగా తెలియదు. అయినా ఏ ప్రయోగశాలకు డబ్బివ్వాలో ఎవరో ఒకరు తేల్చాలి కనుక ఆధునిక రాజ్యం ఆ పనిలో నిపుణుల సలహా మండళ్ల మీద ఆధారపడుతోంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో గ్రాంటు కోరే ప్రతిపాదన రెండు గడపలు దాటాలి. మొదట ఆ రంగపు శాస్త్రజ్ఞులు దాని నాణ్యతను తూస్తారు. తరువాత అది మూడింట రెండు వంతుల మంది నిపుణులు, ఒక వంతు సామాన్య ప్రజల తరఫువారు ఉండే సలహా మండలికి వెళుతుంది. దీన్ని మనం పరిపాలనా ఏర్పాటుగానే చూస్తాం. కానీ దాని అడుగున ఉన్నది మన తార్కికులు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న: నేను చూడని సంగతిని చూసినవాడి మాట మీద ఒప్పుకుంటే అది జ్ఞానమవుతుందా, ఉత్త నమ్మకమేనా?

జ్ఞానమే అవుతుందన్నారు న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు. ప్రత్యక్షం, అనుమానం (గుర్తును బట్టి తర్కించి తేల్చడం), ఉపమానాల పక్కన ఆప్తుడి మాటను నాలుగో ప్రమాణంగా, అంటే జ్ఞానసాధనంగా, నిలబెట్టారు. అయితే ఆప్తుడెవరన్న దగ్గర న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు పెట్టిన షరతులు గట్టివి. చెప్పేవాడికి ఆ విషయం సాక్షాత్తుగా తెలిసి ఉండాలి, తెలిసినదాన్ని తెలిసినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి, వినేవారి మీద దయ ఉండాలి. ఈ లక్షణం ఋషికి, ఆర్యుడికి, మ్లేచ్ఛుడికి ఒకటేనని కూడా అన్నాడాయన. ఇది చాలా పెద్ద మాట. ఆప్తత్వం పుట్టుకతోనో పదవితోనో రాదని, విషయంతో ఉన్న సంబంధం వల్లే వస్తుందని దీని అర్థం. బౌద్ధుడైన దిఙ్నాగుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. మాటకు విడిగా ప్రామాణ్యం లేదు, చెప్పేవాడు తప్పుదారి పట్టించడని తేలితేనే అది నిలుస్తుంది, కనుక అది అనుమాన ప్రమాణంలో భాగమేనన్నాడు. నిపుణుడి మాటను నమ్మే ముందు నిపుణుణ్ణి పరీక్షించాలన్నమాట.

పరీక్షిస్తే ఏం తేలింది? స్వీడన్ వైద్య పరిశోధనా మండలి అభ్యర్థులకు వేసిన మార్కులను వెన్నెరాస్, వోల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పరిశీలించి 1997లో ఫలితం ప్రకటించారు. పురుషుడితో సమానంగా మార్కులు రావాలంటే మహిళకు అతనికంటే సుమారు రెండున్నర రెట్ల పరిశోధన ఫలం ఉండాల్సి వచ్చింది. మండలిలో తమకు సంబంధించినవారు ఉన్న అభ్యర్థులకు, ఆ సభ్యుడు మార్కులు వేయకుండా పక్కకు తప్పుకున్నా, ఎక్కువే వచ్చాయి. ఆ సభ్యులకు చదువు తక్కువై కాదు ఇలా జరిగింది. వాత్స్యాయనుడి రెండో షరతు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం, అక్కడ జారిపోయింది. దీనికి మందు ఉంది: కారణాలు రాసి బయటపెట్టాలి, సభ్యులు మారుతూ ఉండాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మొదటి షరతు, సాక్షాత్తుగా తెలిసి ఉండడం. ఒక గ్రాంటు నిర్ణయంలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. ఈ పని పద్ధతి సరైనదా? ఇది ఫలిస్తుందా? ఇది చేయదగినదా? మొదటి ప్రశ్నకు ఆప్తులున్నారు. ఆ రంగంలో స్వయంగా పనిచేసినవారే వారు. రెండోదానికి ఎవరూ లేరు, రేపటిని సాక్షాత్తుగా చూసినవాడు లేడు కనుక. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ అప్పటికే తేల్చిన 150 ప్రతిపాదనలను కొత్త పరీక్షకులకు ఇచ్చి చూసిన అధ్యయనం 1981లో వెలువడింది. దాదాపు నాలుగో వంతు నిర్ణయాలు తారుమారయ్యాయి. అందరూ నిపుణులే, ఎవరి చేతిలో పడిందన్నదే తేడా. అదృష్టం ఎలాగూ లోపల ఉన్నప్పుడు దాన్ని పైకి తెచ్చి ఒప్పుకోవడం నిజాయితీ. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధనా మండలి 2013లో ఒక రకం గ్రాంట్లకు ఆ పనే మొదలుపెట్టింది: నిపుణులు అర్హులను ఏరారు, ఆపైన చీటీ తేల్చింది. చీటీ వేయడం జ్ఞానానికి అవమానమంటారు. కానీ తమిళనాడులోని ఉత్తరమేరూరు శాసనం చూడండి. సుమారు 920 నాటి ఆ చోళ గ్రామసభ తన కమిటీలకు మనుషులను ఎంచేందుకు ముందు చదువు, వయసు, నడత చూసి, లెక్కలు అప్పజెప్పనివారిని పక్కన పెట్టి, అప్పుడు కుండలో పేర్లు వేసి చిన్నపిల్లవాడి చేత తీయించింది. ఊళ్లో చాలామందిని గడప బయటే ఉంచిన సభ అది, ఆ తప్పును దాచనక్కర్లేదు. కానీ జ్ఞానం ఎక్కడ ఆగుతుందో అక్కడే చీటీ మొదలుపెట్టారు.

మూడో ప్రశ్న ధర్మానిది. 1994లో అమెరికా ఆరోగ్య సంస్థలు వేసిన నిపుణుల బృందం, కొన్ని సందర్భాల్లో పరిశోధన కోసమే మానవ పిండాలను సృష్టించడానికీ ప్రభుత్వ నిధులివ్వవచ్చంది. అధ్యక్షుడు క్లింటన్ ఆ భాగాన్ని ఒప్పుకోలేదు. 2020లో అమెరికాలోనే దీనికి ఎదురు దిక్కున జరిగింది. గర్భస్థ పిండ కణజాలంతో చేసే పనుల మీద వేసిన నైతిక సలహా మండలి, శాస్త్ర పరీక్ష దాటి వచ్చిన 14 ప్రతిపాదనల్లో 13 వద్దంది. ఆ సభ్యుల్లో పలువురు అలాంటి పరిశోధనకు ముందునుంచీ బహిరంగంగా వ్యతిరేకులు. ఈ రెండు చోట్లా ఒకటే పొరపాటు కనిపిస్తుంది నాకు. పిండానికి ఎంత గౌరవం ఇవ్వాలన్నది సూక్ష్మదర్శిని చెప్పదు, నీతిశాస్త్రపు పట్టా కూడా చెప్పదు. అది సమాజం చట్టసభలో, వెలుగులో తేల్చుకోవలసిన మాట.

అలాగైతే మూడు ప్రశ్నలనూ ప్రజలెన్నుకున్నవారికే వదిలేయవచ్చు కదా, జవాబుదారులు వారే కదా అన్నది బలమైన అభ్యంతరం. మూడోదాని విషయంలో ఒప్పుకుంటాను. మొదటిదాన్ని పాలకుడి చేతికిస్తే ఏమవుతుందో సోవియట్ యూనియన్ చూపించింది. స్టాలిన్ అండతో వ్యవసాయవేత్త లైసెంకో 1948లో జన్యుశాస్త్రాన్నే బహిష్కరింపజేశాడు. అంతకుముందే, 1943లో, ప్రపంచం నలుమూలల నుంచి విత్తనాలు పోగుచేసిన జన్యుశాస్త్రజ్ఞుడు వావిలోవ్ జైల్లో చనిపోయాడు. అక్కడ మొదటి ప్రశ్నకు ఆప్తుణ్ణే లేకుండా చేశారు.

మన దేశంలో 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ ఏర్పడింది. దాని పాలకమండలికి పదవిరీత్యా ప్రధానమంత్రే అధ్యక్షుడు. మన విశ్వవిద్యాలయాల్లోని యువ పరిశోధకుల బతుకు ఇలాంటి మండళ్ల నిర్ణయాలతో ముడిపడి ఉంది. పాఠకులారా, ఏ ప్రాజెక్టును ఎందుకు కాదన్నారో రాతలో చెప్పమని అడగండి: పద్ధతి బాగోలేదా, ఫలించదనుకున్నారా, చేయరాదనుకున్నారా?