శరత్కాలపు గృహసుఖము – గంధప్రసాదము

వానలు వెనుకపట్టినవి. ఆశ్వయుజ మాసము ప్రవేశించిన కొలది దినములకే ఆకాశము కడిగిన పళ్ళెము వలె తేటపడును. చెరువుల నీరు తేరుకొనును. రేయి చివరి జామున దుప్పటి కావలెననిపించును. ఈ కాలమున తెలుగునాట ఒక సామాన్య గృహమున అడుగుపెట్టినవారిని మొట్టమొదట పలుకరించునది గృహస్థుడు కాదు, ఆ యింటి వాసన. భాద్రపదపు ముసురులో ముక్కిన బట్టలు పెట్టెలనుండి వెలికి వచ్చి పెరటి దండెముల మీద ఎండుచుండును. వాటి మడతల నడుమ ఏడాదిగా దాగియున్న వట్టివేళ్ళ పరిమళము ఎండకు లేచును. (కలరా ఉండలు వేసిన యింట వేరొక వాసన లేచును; దానిని పరిమళమనుట కష్టము.) కొత్తగా సున్నము కొట్టిన గోడ, పేడతో అలికిన వాకిలి, బియ్యపు గంపలో మాగుచున్న సీతాఫలములు, పెనము మీద కొత్త సజ్జల రొట్టె, సంధ్యవేళ నిప్పుల మీద చల్లిన సాంబ్రాణి - ఇవన్నియు కలిసి శరత్తును ఇంటిలోనికి కొనివచ్చును.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. లింగధారియైన గృహస్థునికి ఈ సుఖము ప్రసాదమా, ప్రలోభమా? ఇల్లు గుబాళించుచుండగా గోడకు చేరగిలబడి హాయిగా కూర్చున్నవాడు శివుని మరచినవాడా, శివుడిచ్చినదానిని అందుకొనుచున్నవాడా? ధనము, అధికారము వంటి వ్యామోహములను గూర్చి ఉపన్యాసములు వినినవారికి సీతాఫలపు వాసనను గూర్చిన విచారణ హాస్యాస్పదముగా తోచవచ్చును. కాని పెద్ద వ్యామోహములు జీవితమున ఎప్పుడో ఒకమారు ఎదురగును. చిన్న సుఖములు దినదినమును వాకిట నిలిచియుండును. వాటి యెడల అలవడిన నడతయే మనుష్యుని స్వభావముగా స్థిరపడును.

సుగంధమును విడువుమని చెప్పిన మార్గములు కలవు. బౌద్ధ ఉపాసకులు ఉపోసథ దినములందు పాటించు ఎనిమిది శీలములలో పూలమాలలను, సుగంధములను వర్జించుట చేరియున్నది. జైన మునులకును అట్టివి నిషిద్ధములే. ఆ పరిత్యాగము గౌరవింపదగినది. కాని ముక్కు కన్ను వంటిది కాదు. కన్నులు మూసికొనవచ్చును, నోరు కట్టుకొనవచ్చును. ఊపిరి విడిచి బ్రతుకుట మాత్రము ఎవరికిని సాధ్యము కాదు. ఊపిరితోబాటు గంధమును లోనికి రాక తప్పదు. అందుచేత గృహస్థునకు గంధమును వర్జించుట యెట్లు అను ప్రశ్న కంటె, వచ్చిన గంధమును ఎట్లు స్వీకరించుట అను ప్రశ్నయే ముఖ్యమైనది.

వైద్యశాస్త్రము ఈ ఋతువు యెడల మిక్కిలి ఉదారముగా నున్నది. చరకసంహిత సూత్రస్థానములోని 6వ అధ్యాయము ఋతుచర్యను వివరించుచు, వర్షర్తువున దేహములో కూడిన పిత్తము శరత్తు ఎండకు ప్రకోపించునని చెప్పి, తేలికయైన ఆహారమును, చేదు రుచిని, ఋతువున పూచిన పూల మాలలను, నిర్మలమైన వస్త్రములను, ప్రదోషవేళ వెన్నెలను విధించుచున్నది. పగలు సూర్యునిచే కాగి, రేయి చంద్రునిచే చల్లబడి, అగస్త్య నక్షత్రోదయముచే శుద్ధమైన నీటిని హంసోదకమని పేర్కొని, స్నానపానములకు అమృతతుల్యమని ప్రశంసించినది. పగటి నిద్రను, పెరుగును, మంచును మాత్రము మానుమన్నది. ఇచట పూలును వెన్నెలయు విలాసములు కావు, పథ్యములు. దేహము శివాలయమని నమ్మువారికి ఆ దేహమును ఋతువునకు తగినట్లు నడుపుకొనుటయు ఒక విధమైన ఆలయసేవయే.

అయినను వైద్యుని అనుమతి వేరు, ధర్మము యొక్క అనుమతి వేరు. గంధమును గూర్చి శాస్త్రకారులు చెప్పినదానిని పరికింపవలెను. ఆంధ్రుడని ప్రసిద్ధి గల అన్నంభట్టు తన తర్కసంగ్రహమున భూమికి గంధమునే లక్షణముగా చెప్పెను. వీరశైవ షట్‌స్థల సిద్ధాంతమును ఈ విషయమున దీనితో కలియుచున్నది. అందు ఆరు స్థలములకు ఆరు లింగములు, ఆ లింగములకు ఇంద్రియములు, వాటి ముఖమున సమర్పింపబడు పదార్థములు చెప్పబడినవి. మొదటిదైన భక్తస్థలమునకు ఆచారలింగము. దానికి తత్త్వము పృథ్వి, ఇంద్రియము ఘ్రాణము, సమర్పణద్రవ్యము గంధము. రసము, రూపము, స్పర్శ, శబ్దము ఆ పిమ్మటనే వచ్చును. అనగా భక్తుడు తన యింద్రియానుభవమును లింగమునకు అర్పించుట నేర్చుకొను పాఠశాలలో మొదటి తరగతి ముక్కుదే. అది ఆచారలింగమునకు చెందుటయు గమనింపదగినది. వాసనను ఆస్వాదించుటకును నడవడికకును సంబంధమేమి యని అడుగువారికి సమాధానము ఆ పేరులోనే ఉన్నది.

ముక్కు పనిచేయు తీరు కూడ ఈ విషయమున ఒక పాఠము చెప్పును. అమెరికా శాస్త్రజ్ఞులు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనువారు 1991లో వాసనలను గుర్తించు గ్రాహకముల జన్యుకుటుంబమును కనుగొని, అందులకు 2004లో నోబెల్ బహుమానము పొందిరి. ముక్కునుండి బయలుదేరిన నాడులు జ్ఞాపకములకును, భావోద్రేకములకును స్థానములైన మెదడు భాగములతో మిక్కిలి దగ్గరి సంబంధము కలిగియుండును. నలుబది యేండ్ల క్రిందట అవ్వ తలకు పట్టిన సాంబ్రాణి పొగ మరల సోకినపుడు వృద్ధుల కన్నులు చెమర్చుట అందుచేతనే. ఇక రెండవ విషయము: ఏ వాసనయైనను ఎడతెగక ముక్కుకు సోకుచుండిన యెడల కొద్ది నిమిషములలోనే ముక్కు దానిని గుర్తించుట మానివేయును. పూలదుకాణమున దినమెల్ల కూర్చున్న వానికి మల్లెల వాసన తెలియదు. కనుక పరిమళమును ఇంటిలో నిలువచేసికొనవలెనని యత్నించువాడు దానినే పోగొట్టుకొనును. మరికొంత, మరికొంత యని పొగ వేయుచు పోయిన కొలది కన్నులు మండునే గాని సుఖము పెరుగదు. వాకిలి తెరచి, చల్లగాలి వచ్చి, కొంతసేపు ఏ వాసనయు లేకున్న పిమ్మటనే మరల సాంబ్రాణికి సాంబ్రాణితనము కలుగును.

ఇంతటి దానిని మనుష్యుడు తన సొత్తుగా భావించుట అలవాటు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి సోకినవారిలో అనేకులకు ఒక్కనాటితో వాసన పోయినది. కొందరికి వారములలో తిరిగి వచ్చినది, కొందరికి నెలలు పట్టినది, కొందరికి వక్రించి, కాఫీ కాలిన రబ్బరు వలె తోచినది. పండుగనాడు భక్ష్యములు మట్టి వలె నుండెనని, పొయ్యి మీద పాలు మాడుచున్నను తెలియలేదని, కన్నబిడ్డ తల వాసన కూడ అందలేదని వారు వాపోయిరి. ముక్కు ఉన్నంతకాలము దానిని గూర్చి ఆలోచింపని వారికి అది తమ సంపాదన కాదని అప్పుడు తెలిసినది. తన సంపాదన కానిదానిని అందుకొనుటకే ప్రసాదమని పేరు.

అయితే ప్రసాదమనిన మాత్రముననే ప్రశ్న తీరిపోదు. శేక్కిళారు 12వ శతాబ్దమున రచించిన పెరియపురాణములో గుగ్గిలపు ధూపమును నిత్యవ్రతముగా గైకొనిన కలయనాయనారు కథ కలదు. తిరుక్కడవూరి శివునకు దినదినము గుగ్గిలపు పొగ వేయుచు ఆయన దరిద్రుడయ్యెను. ఇంట బిడ్డలు ఆకలి గొనిరి. భార్య తన మెడలోని తాళిని తీసి, వడ్లు కొనితెమ్మని యిచ్చెను. దారిలో గుగ్గిలపు మూట తెచ్చుచున్న వర్తకుడు ఎదురుకాగా, ఆయన ఆ తాళితో గుగ్గిలము కొని, తిన్నగా ఆలయమునకు పోయి, ఇల్లు మరచెను. ఈ కథను చెప్పువారు సాధారణముగా ఆయన భక్తినే కొనియాడుదురు. అది సరియే. కాని ఆ రాత్రి ఆకలితో నిద్రించిన బిడ్డలును కథలోనివారే కదా! వారిని మనుష్యులు మరచినను పురాణము మరువలేదు. శివుడు మొదట చేసినది ఆ యింటిని ధాన్యముతో నింపుట. పిమ్మట నాయనారుతో చెప్పినది, ఇంటికి పోయి భుజింపుమని. ధూపమునకు శివుడిచ్చిన ప్రత్యుత్తరము వంటింటిలో కనబడినది.

దీనికి ఎదురుగా కల్యాణమునందలి మరియొక యింటిని నిలుపవచ్చును. ఆయ్దక్కి మారయ్య వీధులలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. అధికమైనదానిని ఏరిన చోటనే తిరిగి పోసి రమ్మనెను. ఆశ రాజులకు తగును గాని భక్తులకు తగదన్నది ఆమె అభిప్రాయము. ఆ యింటిలో సుఖము లేదనుట పొరపాటు. ఆనాటి గింజలతో ఆనాడు వండిన అన్నపు ఆవిరి ఆ యింటికి చాలిన పరిమళము. ఇందు ఒకరు ధూపమునకై అన్నమును మరచిరి. మరియొకరు మిగులు అన్నమును ఇంట ఉండనీయలేదు. ఇరువురును భక్తులే. గృహస్థులు ఎవరి మార్గమున నడువవలెనని యడిగిన యెడల, లక్కమ్మ మార్గమని చెప్పుటకు జంకనవసరము లేదు. కలయనారు దారి ఒక మహాభక్తునికి చెల్లినది; ఆకలిగొన్న బిడ్డల నడుమ దానిని అనుకరించుట అపచారము.

ఇక గంధమునకు మాత్రమే గల మరియొక లక్షణము కలదు. పట్టుబట్టను పెట్టెలో దాచవచ్చును, బంగారమును భూమిలో పాతవచ్చును. వాసనకు గోడ లేదు. దీపావళికి ముందు ఒక యింట నూనె కాగిన క్షణముననే ఆ సంగతి నాలుగిళ్ళకు తెలియును. అరిసెల పాకపు వాసన, నేతిలో వేగిన ఏలకుల వాసన కిటికీలనుండి పోయి, ఆ యేడు పొయ్యి మీద ఏమియు వేగని యింటిలోనికి కూడ ప్రవేశించును. ఆ యింట ఒక బిడ్డ ఉండవచ్చును. ఆ బిడ్డ తల్లిని ఏమడుగునో, తల్లి ఏమి చెప్పునో, వేయించుచున్న యిల్లాలికి వినబడదు. పూర్వము పల్లెలలో పిండివంట దింపినంతనే ఇరుగుపొరుగుకు ఒక గిన్నె పంపు ఆచారముండెను. అది కేవలము మర్యాద అని నేటివారు తలచుచున్నారు. వాసన ముందుగా చేరిన చోటికి వంటకమును చేరవలెనన్న ధర్మజ్ఞానమే ఆ గిన్నె. దాసోహమనునది మఠముల పెద్ద పాకశాలలకే గాక ఈ చిన్న గిన్నెకును చెందును. నగరములలోని అంతస్తుల భవనములలో తలుపులు మూసియుండును గాని మెట్లదారిలో వాసనలు మాత్రము పూర్వము వలెనే తిరుగుచున్నవి.

పొరుగువారి సుఖమును గూర్చి ఆలోచించునపుడు దీని రెండవ ముఖమును విడువరాదు. ఒకరి పరిమళము మరియొకరికి బాధ కావచ్చును. ఉబ్బసము గలవారికి, పసిపిల్లలకు మూసిన గదిలోని అగరువత్తుల పొగ, సాంబ్రాణి పొగ కీడు చేయును. ఎంతటి పవిత్రభావముతో వేసినను పొగ పొగయే. పసిబిడ్డకు తలంటి, కిటికీలు బిగించి, ధూపము పట్టు అవ్వలకు ఈ మాట రుచింపదు. అయినను చెప్పక తప్పదు. చిటికెడు సాంబ్రాణి, తెరచిన తలుపు - ఈ రెండును కలసియుండవలెను.

ఆ చిటికెడు సాంబ్రాణి యెచటినుండి వచ్చుచున్నది? సుమత్రా దీవిలోని రైతులు స్టైరాక్స్ చెట్ల బెరడుకు గంటు పెట్టి, కారిన బంక గట్టిపడువరకు నెలల తరబడి వేచి, గీచి తీయుదురు. కర్పూరము ఒకప్పుడు తూర్పుదేశపు చెట్లనుండి వచ్చెడిది. నేడు అంగడిలో దొరకునది చాలవరకు పైను చెట్ల టర్పెంటైన్ తైలమునుండి కర్మాగారములలో తయారగుచున్నది. దీపమున వెలుగు నువ్వులనూనె వెనుక ఒక రైతును, ఒక గానుగయు కలవు. కల్యాణపు శరణులలో గాణద కన్నప్ప యను గానుగవాడు ఉండెను. మడివాళ మాచయ్య యను చాకలివాడు, మేదర కేతయ్య యను బుట్టలల్లువాడు ఉండిరి. నూనె దీపము, ఉతికిన దుప్పటి, పూలబుట్ట - శరత్కాలపు ఇంటి సుఖమంతయు వీరి చేతులమీదుగా వచ్చినదే. బజారున సీసాలలో అమ్ము గదుల సుగంధములలో ఈ చేతులు కనబడవు. మీట నొక్కినంతనే గులాబీ, మరల నొక్కినంతనే సంపెంగ. అవి పాపములని చెప్పుట అతిశయోక్తియగును. కాని వాటికి ఋతువు లేదు. వైశాఖమునందును కార్తికమునందును ఒక్కటే వాసన. సంవత్సరమంతయు దొరకుదానికై ఎదురుచూచుట యుండదు, అది వచ్చినందులకు కృతజ్ఞతయు ఉండదు.

కృతజ్ఞతతో ఎదురుచూడబడు పూవు శరత్తున ఒకటి కలదు. పారిజాతము ప్రొద్దుగుంకిన పిమ్మట విచ్చును. రేయంతయు పరిమళించి తెల్లవారకమునుపే నేల రాలును. నేల రాలిన పూవు పూజకు పనికిరాదను నియమమును పెద్దలు దీనికి సడలించిరి. దీనిని ఎవరును కోయరు. అది తానై యిచ్చినదే చాలును. పెరటిగోడ వారగా ఈ చెట్టు గల యిండ్లలో కొమ్మలు సగము వీధివైపునకు వ్రాలియుండును. కార్తికపు ఉదయమున ఇల్లాలు లోపలి పూలను లింగపూజకై పళ్ళెమునకెత్తుచుండగా, గోడకు వెలుపల పొరుగు పిల్లలు పావడ చెరగులలో ఏరికొనుచుందురు. ఆమెకు వారి గుసగుసలు వినబడును. వారికి ఆమె గాజుల చప్పుడు వినబడును. ఎండ వాకిటిలోనికి వచ్చువేళకు గోడకు ఇరువైపులను పూలు మిగిలియుండవు.