పవిత్రవస్తువును మోయువారు

పవిత్రమైన దానిని సమీపించుటకు భక్తి యొక్కటియే చాలునా? లేక భక్తికి తోడుగా ఒక యోగ్యత, ఒక క్రమము కూడ కావలయునా? ఈ ప్రశ్న ఏదో యొక రూపమున ప్రతి మతమునందును తలయెత్తినదే. ప్రాచీన ఇశ్రాయేలీయుల గ్రంథములలో మాత్రము ఇది ప్రశ్నగా గాక ఒక మరణవృత్తాంతముగా నిలిచియున్నది. మేలు చేయబోయి చేయి చాచినవాడు ఆ చేతితోనే మృత్యువును తాకెను. ఆ కథను చదివినవారు అనేక శతాబ్దములుగా కలవరపడుచునే యున్నారు.

ఆ కథ కంటె ముందు దాని వెనుకనున్న విధిని తెలిసికొనవలెను. ఐగుప్తునుండి వెడలి ఎడారిలో సంచరించిన కాలమున ఆ జాతికి స్థిరమైన ఆలయము లేదని వారి గ్రంథములు చెప్పును. వారి ఆరాధనస్థానము ఒక గుడారము. మజిలీ మారినపుడెల్ల దానిని విప్పి, మోసికొనిపోయి, మరల నిలుపవలసి యుండెను. అందు అత్యంత పవిత్రమైనది నిబంధన మందసము. అది తుమ్మకఱ్ఱతో చేసి లోపలను వెలుపలను బంగారు పొదిగిన పెట్టె. పొడవు 2½ మూరలు, వెడల్పును ఎత్తును 1½ మూర. ఆజ్ఞలు చెక్కిన రాతిపలకలు అందుంచబడెను. దాని ప్రక్కలనున్న ఉంగరములలో మోతకఱ్ఱలు దూర్చబడి యుండెడివి. వానిని ఎన్నడును తీయరాదని నియమము.

ఈ మోత పనిని సంఖ్యాకాండము నాల్గవ అధ్యాయము వివరించుచున్నది. లేవి గోత్రమున మూడు వంశములు కలవు. 30 మొదలు 50 ఏండ్ల వరకు వయస్సుగల పురుషులే ఈ సేవకు అర్హులు. వారి మొత్తము 8,580. గెర్షోనీయులకు తెరలు, మెరారీయులకు పలకలు, స్తంభములు, దిమ్మలు అప్పగింపబడెను. మందసము, బల్ల, దీపవృక్షము, బలిపీఠములు కహాతీయుల పాలబడెను. వారి సంఖ్య 2,750. గౌరవమెంత గొప్పదో అపాయమును అంత గొప్పది. వారు ఆ వస్తువులను మోయవలెను గాని ముట్టరాదు. కప్పకముందు క్షణకాలమైనను చూడరాదు. అట్లు చేసినచో మరణమే.

కప్పవలసినవారు యాజకులు, అనగా అహరోనును అతని కుమారులును. ప్రయాణము నిశ్చయమైనపుడు వారు లోపలికి పోయి అడ్డుతెరను దింపి దానితోనే మందసమును కప్పవలెను. దానిపై ఒక తోలు కప్పు, ఆపైన పూర్తిగా నీలివర్ణముగల వస్త్రము. బల్లమీద నీలివస్త్రము పరచి, పాత్రలను రొట్టెలను అమర్చి, ఎఱ్ఱని వస్త్రము కప్పి, ఆపైన తోలు. ఇత్తడి బలిపీఠమునుండి బూడిదను తీసి ధూమ్రవర్ణపు వస్త్రమును, ఆపైన తోలును కప్పవలెను. తక్కిన వస్తువులన్నిటికిని తోలు వెలుపల నుండగా మందసమునకు మాత్రమే నీలివస్త్రము వెలుపల నుండెడిది. దూరమునుండి చూచువానికి సహితము ఆ బరువు వేఱని తెలియును.

ఆగమవిధిని అనుసరించు దేవాలయములలో గర్భగృహమున మూలమూర్తిని అర్చించువారు వేఱు, ఉత్సవమూర్తిని భుజములపై మోయువారు వేఱు అను వ్యవస్థను చూచిన పాఠకునకు ఇదంతయు వింతగా తోచదు. గమనింపదగిన విషయము మఱియొకటి కలదు. కహాతీయుల వంశము నశింపకుండ చూడుడని ఆ అధ్యాయము మోషే అహరోనులను హెచ్చరించుచున్నది. యాజకులు స్వయముగా లోనికి పోయి ఎవని పని యేదో ఎవని బరువు ఎంతయో నిర్ణయింపవలెను. కనుక కప్పుట యాజకుల గొప్పతనమును చాటు తంతు మాత్రము కాదు. మోయువాని ప్రాణము కప్పువాని చేతిలో పెట్టబడినది. పవిత్రస్థానమునకు ఎవడు దగ్గరవాడో, దూరమున నున్నవాని క్షేమమునకు వాడే పూచీదారు. యాజకత్వమును అధికారముగా మాత్రమే వర్ణించువారు ఈ వాక్యములను తొందరగా దాటిపోవుదురు.

మఱియొక చిన్న వివరము. గోత్రాధిపతులు 6 బండ్లను 12 ఎద్దులను కానుకగా తెచ్చిరి. గెర్షోనీయులకు 2 బండ్లు, మెరారీయులకు 4 బండ్లు లభించెను. కహాతీయులకు ఒక్కటియు ఈయబడలేదు. వారి బరువు భుజములపైననే సాగవలెను.

కాలము గడచెను. ఏలీ అను యాజకుని కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసు బలిమాంసమును బలవంతముగా లాగికొనెడి లోభులు. వారు మందసము వెంట యుద్ధభూమికి పోయిరి. ఫిలిష్తీయులు దానిని పట్టుకొనిరి. పట్టుకొన్నవారు ఏడు నెలలు ఆపదలపాలై, క్రొత్తబండికి రెండు పాడియావులను కట్టి మందసమును తిరిగి పంపివేసిరి. తరువాత అది కిర్యత్యారీములో అబీనాదాబు ఇంట చిరకాలము నిలిచెను. క్రీ. పూ. 1000 ప్రాంతమున దావీదు యెరూషలేమును రాజధానిగా చేసికొని, దానిని వాద్యములతో మహోత్సవముగా తెప్పింప బూనెను. తెచ్చినది క్రొత్తబండిమీద! విధి తెలియని ఫిలిష్తీయులు బండి కట్టిరన్న క్షమింపవచ్చును. విధిని వంశపారంపర్యముగా కాపాడవలసినవారు విధి తెలియనివారిని అనుకరించిరి.

అబీనాదాబు కుమారులు ఉజ్జా, అహ్యో బండిని తోలుచుండిరి. నాకోను కళ్లమువద్ద ఎద్దులు తొట్రుపడెను. ఉజ్జా చేయి చాచి మందసమును పట్టుకొనెను, అక్కడనే మరణించెను. దావీదునకు కోపము వచ్చెను, పిదప భయము కలిగెను. రాజు కోపమును గ్రంథకర్త దాచలేదు. అతనికిని ఈ మరణము సులభముగా మింగుడుపడలేదని తోచును.

ఉజ్జా యాజకుడు కాకయే ముట్టెను గనుక చచ్చెనని మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసీఫసు వ్రాసెను. ఇది నియమమును చెప్పినదే గాని మనస్సునకు సమాధానము చెప్పలేదు. తాల్ముదులోని ఆచార్యులు కొంత లోతునకు దిగిరి. మందసము తన్ను మోయువారినే మోసినదని వారి సంప్రదాయము. అట్టి దానికి తన చేయి ఆధారము కావలెనని ఉజ్జా తలంచుటయే లోపమట. భావము రమ్యమైనదే. కాని ఎద్దు తొట్రుపడిన క్షణమున మనుష్యుడు తలంచునా? చేయి తనంతట తాను చాగును.

అందుచే దినవృత్తాంతముల గ్రంథము చెప్పిన మాటయే ఎక్కువ న్యాయముగా నున్నది. అందు దావీదు సాదోకు, అబ్యాతారు అను యాజకులను, లేవీయులను పిలిపించి, మొదటిసారి మీరు మోయనందుననే ఈ విపత్తు కలిగెను, మనము విధి ప్రకారము చేయలేదు అని పలుకును. నేరము ఉజ్జా చేతినుండి సమాజమంతటిమీదికి వ్యాపించినది. భుజములపై మోసియున్నచో ఎద్దులు లేవు, తొట్రుపాటు లేదు, చేయి చాపవలసిన అవసరమే లేదు. రాజు ఉత్సవమును కోరెను. తెలిసినవారు నోరు మెదపలేదు. బండి ప్రక్కన నడచినవాడు బలియయ్యెను. అయినను అతడే ఏల చావవలెనను ప్రశ్న మిగిలియే యున్నది. దానిని ఆ గ్రంథము తీర్పదు. ఉజ్జా మందసము చెంత మరణించెను గనుక పరలోకమున పాలు పొందెనని రబ్బీ యోహానాను చెప్పినట్లు తాల్ముదులో కలదు. అతనిని కేవలము పాపిగా విడిచిపెట్టుటకు ఆ ఆచార్యునకు మనసొప్పలేదు.

అదే మందసము మూడు నెలలు ఓబేదెదోము అను గాతువాసి యింట నుండెను. ఆ యిల్లు చల్లగా వర్ధిల్లెను. రెండవసారి దానిని మోతకఱ్ఱలతో భుజములపై ఎత్తిరి. ఆరడుగులు సాగగానే బలి అర్పించిరి. దావీదు నార ఏఫోదు ధరించి నాట్యమాడెను.

విధిని ఇంత కఠినముగా పాటించువారు దానిని గ్రుడ్డిగా పాటించిరని అనుకొనరాదు. ఇంతకు పూర్వమే దావీదు సౌలు రాజునకు వెఱచి పారిపోవుచు, ఆకలిగొని నోబులో అహీమెలెకు అను యాజకుని ఆశ్రయించెను. అక్కడ సన్నిధిరొట్టెలు తప్ప వేఱొక ఆహారము లేదు. ప్రతి విశ్రాంతిదినమున 12 రొట్టెలు మార్చబడెడివి; తీసిన రొట్టెలను యాజకులే పరిశుద్ధస్థలమున తినవలెను. అహీమెలెకు శౌచమును గూర్చి యొకమాట అడిగి రొట్టె నిచ్చివేసెను. దావీదునకు తోడ్పడెనన్న నెపమున సౌలు అతనిని, 85 మంది యాజకులను చంపించెను. కాని రొట్టె నిచ్చి తప్పు చేసెనని గ్రంథము ఒక్క మాటయు పలుకదు. ఎక్కడ చేయి చాపరాదో, ఎక్కడ చాపకుండుట పాపమో ఎఱుగుటయే యాజకుని పని. అది పుస్తకమున వ్రాసిన కొలతలవలె సులభమైనది కాదు.

క్రీ. పూ. 586 ప్రాంతమున బబులోనువారు యెరూషలేము ఆలయమును నాశనము చేసిన పిదప మందసము మరల కానరాలేదు. రెండవ ఆలయపు అతిపరిశుద్ధస్థలము శూన్యముగానే యుండెను. ఆ ఆలయమును క్రీ. శ. 70 లో రోమనులు కూల్చిరి. బలులు పోయెను, గ్రంథము మిగిలెను. నేటికిని యూదుల ప్రార్థనామందిరములలో తోరా చుట్టను చదువువాడు తోలుపత్రమును వట్టిచేతితో తాకడు. కొసయందు చిన్న చేతిరూపముగల ఒక పుల్లతో అక్షరములను చూపుచు చదువును. ఆ పుల్లకు యాద్, అనగా చేయి, అని పేరు. చుట్ట పొరపాటున నేల బడినచో జారవిడిచినవాడు ఉపవసించును. పడుట చూచిన సభవారును అతనితో పాటు ఉపవసించు ఆచారము అనేక సమాజములలో కలదు.