సన్నివేశమునకు లోబడిన నాదము

నాదమును బ్రహ్మముగా భావించి ఉపాసించిన దేశమున పుట్టి, నాలుగు కృతులు నేర్చి, చలనచిత్రములకు సంగీతము కూర్చుట అభ్యసింపబూనిన వానికి తొలి దినములలోనే ఒక ధర్మసందేహ మెదురగును. తంజావూరు ప్రభువు పంపిన సన్మానమును త్యాగరాజస్వామి నిరాకరించెననియు, ఆయన గానము శ్రీరామునికి తప్ప మఱియొకరికి లోబడలేదనియు మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ మాట వినుచు పెరిగినవాడు, ఎవరో వ్రాసిన కథకు, ఎవరో కత్తిరించిన నిడివికి కట్టుబడి, పాత్ర నోరు విప్పగనే తన స్వరము నణచుకొనుచు చేయు పని నాదోపాసన యనిపించుకొనునా, లేక నాదమును కూలికి పంపుటయేనా యని తనలో తాను ప్రశ్నించుకొనుట సహజము. జీవనోపాధికి ఇన్ని శంక లెందుకని ఈ ప్రశ్నను త్రోసివేయువారు కలరు. వారితో నే నేకీభవింపజాలను. ఈ శంక కలుగని హృదయమున పుట్టిన బాణీ పైపై మెఱుపుగానే మిగులునని నా నమ్మకము.

అయితే సంగీతము మఱియొకదానికి లోబడుట చలనచిత్రముతో పుట్టిన ఆచారము కాదు. భరతముని నాట్యశాస్త్రమున ధ్రువాగానమును విస్తరించి చెప్పుచు, పాత్ర రంగమును ప్రవేశించునపుడు పాడదగినది ప్రావేశికి యనియు, నిష్క్రమించునపుడు పాడదగినది నైష్క్రామికి యనియు, సాగుచున్న రసమును హఠాత్తుగా మార్చునది ఆక్షేపికి యనియు, కలతచెందిన ప్రేక్షకుల మనస్సును ప్రసన్నము చేయునది ప్రాసాదికి యనియు, ప్రయోగమున ఏర్పడిన వెలితిని కప్పిపుచ్చునది ఆంతర యనియు ఐదు తెఱగులుగా విభజించెను. రెండు దృశ్యఖండముల నడుమ అతుకు కనబడకుండ నాలుగు స్వరములు వేయుమని రీరికార్డింగు వేళ దర్శకుడు కోరినపుడు, ఆ కోరిక వెనుక ఆంతర ధ్రువ యున్నదని తెలిసిన విద్యార్థి చిన్నబుచ్చుకొనడు. అంతయేల? ఎవరికిని లోబడలేదని మనము కొనియాడు త్యాగరాజస్వామియే ప్రహ్లాదభక్తివిజయమును, నౌకాచరిత్రమును గేయనాటకములుగా రచించెను. ఆ పాటలలో పలుకువారు ఒకచో ప్రహ్లాదుడు, ఒకచో గోపికలు. వారి వారి అవస్థలకు తన గానము నప్పగించుటకు ఆ మహానుభావుడు సంకోచింపలేదు.

ఇక అభ్యాసము సంగతి. చలనచిత్రము సెకండునకు 24 ఫ్రేముల చొప్పున నడచును. నిమిషమునకు 72 అక్షరములు పడు నడకను ఎంచుకొన్నచో ఒక్కొక్క అక్షరమునకు 20 ఫ్రేములు, ఆదితాళపు టావర్తమునకు 160 ఫ్రేములు పట్టును. కొడుకు కొఱకు ఎదురుచూచు తల్లి, దృశ్యారంభమునుండి సరిగా పదవ సెకండున తలుపు తెరచినచో, అది 240 ఫ్రేములు గడచిన చోటు, అనగా రెండవ ఆవర్తమున లఘువు ముగిసి ద్రుతపు దెబ్బ పడు చోటు. ఈ లెక్క మొదటిసారి కుదిరినపుడు విద్యార్థి పొందు ఆనందము వర్ణింపనలవి కాదు. ఆ దెబ్బమీద వయొలిన్లన్నియు ఒక్కపెట్టున మ్రోగింపవలెనని అతనికి తోచును. మ్రోగించిన పిమ్మట తెలియును, తల్లి ముఖము చెప్పవలసిన దానిని వాద్యములు ముందుగనే చెప్పివేసినవని. ఆ దెబ్బను ఖాళీగా విడిచి, తలుపు చప్పుడును మాత్రము విననిచ్చి, రెండు అక్షరములు గడచిన తరువాత మంద్రస్థాయిలో ఒక్క స్వరమును నిలుపుటకు ఎంత సాధన కావలెనో, ఆ రెండక్షరముల మౌనమును ఓర్చుకొనుటకు ఎంత చిత్తశుద్ధి కావలెనో పుస్తకములు చెప్పజాలవు. సంభాషణ నడచునపుడును ఇంతే. మాట పలుకు స్థాయిలోనే వేణువును కదలించినచో మాట మసకబారును. వేణువు ఎంత మధురమైన నంత అపకారము జరుగును. కావున తనకు మిక్కిలి ప్రియమైన సంచారమునే విద్యార్థి మొట్టమొదట విడువవలసి వచ్చును. కర్మమునందే అధికారము, ఫలమునందు లేదను గీతాబోధను మనము పురాణకాలక్షేపములలో విని తల యూచుచుందుము గాని, దానిని గంటగంటకు ఆచరింపక తప్పని వృత్తులలో ఇది యొకటి.

సంగీతరత్నాకరమున శార్ఙ్గదేవుడు మాతువును, ధాతువును, అనగా మాటను, వరుసను రెండింటిని కూర్పగలవానిని వాగ్గేయకారు డనెను. చిత్రగీతమున మాట యొకరిది, వరుస మఱియొకరిది, కంఠము వేరొకరిది, తెరమీద కదలు పెదవులు ఇంకొకరివి. దీనికి కర్త యెవరు? 1957లో వెలువడిన మాయాబజారు చిత్రమునకు కొన్ని వరుసలు సాలూరి రాజేశ్వరరావుగారు కట్టి తప్పుకొనగా, ఘంటసాలగారు వాటికి వాద్యసమ్మేళనము సమకూర్చి, మిగిలిన పాటలకు తామే వరుసలు కట్టి పూర్తిచేసిరి. ఆ చిత్రమున మోహనరాగమున సాగు నౌకావిహారగీతమును వినువాడు ఒకరి చేయి ఎచట ముగిసినదో, రెండవవారి చేయి ఎచట ఆరంభమైనదో పోల్చుకొనలేడు, పోల్చుకొనవలెనని కోరుకొనడు. తెలుగు మాతృభాష కాని కె.వి. మహదేవన్ గారు కవి వ్రాసిన సాహిత్యమును ముందుంచుకొని, దాని నడకనుండియే వరుసను రాబట్టుటకు ప్రసిద్ధులు. అచట సంగీతకర్త చేసినది మాటలో అప్పటికే యున్న లయకు చెవి యొగ్గుట. కర్తృత్వము అధ్యాసయని, అనగా లేనిదానిని ఉన్నట్లు ఆరోపించుకొనుటయని వేదాంతులు చెప్పుదురు. ఆ మాటను తర్కముతో గ్రహింపలేనివాడు సైతము ఒక మంచి పాట పుట్టుకను దగ్గఱనుండి చూచినచో గ్రహింపగలడు.

ఇంతమాత్రమున లోబడుట యంతయు పవిత్రమని నే ననను. సన్నివేశమున లేని దుఃఖమును వయొలిన్లతో పుట్టించి ప్రేక్షకుని కంట నీరు తెప్పించుట, ఎంత విజయవంతమైనను, అసత్యమే. స్త్రీని అవమానించు దృశ్యమునకు ఉల్లాసమైన లయను సమకూర్చుట అంతకంటె ఘోరమైన దోషము, ఏలయన కన్ను సందేహించు చోట చెవిచేత సమ్మతి చెప్పించుట యగును. దాస్యమును భక్తిమార్గములలో ఒకటిగా మన పెద్ద లెన్నిరి గాని, ఆ దాస్యమునకు తగిన ప్రభువును వెదకికొను వివేకము భక్తునికే విడిచిరి. చిత్రసంగీతమున ఆ ప్రభువు నిర్మాత కాడు, దర్శకుడును కాడు, కథలోని సత్యము. దానికి లోబడినంతవఱకు ఈ పని నాదోపాసనయే యని నా నిశ్చితాభిప్రాయము.

ఈ విద్య నభ్యసింపగోరు యువతీయువకులకు నా విన్నపము: బాణీలు కట్టుటకు తొందరపడకుడు. మీకు నచ్చిన పాత చిత్రమునుండి ఒక ఘట్టమును తీసికొని ధ్వని లేకుండ పలుమార్లు చూడుడు. సంగీతము అక్కఱలేని తావులను మొదట కాగితముపై గుర్తింపుడు. మిగిలిన తావులకు శ్రుతి చేర్చుకొని ఒక్క కంఠముతో గాని, ఒక్క హార్మోనియముతో గాని పని సాగింపుడు. వాద్యసమ్మేళనపు టాలోచన తరువాత. కూర్చినది నటుని మాటకు అడ్డమైనచో, అదెంత బాగున్నను తీసివేయుడు. ఏదో యొకనాడు నిజమైన చిత్రము మీ చేతికి వచ్చినపుడు, ముందుగా కథను పూర్తిగా చదువుడు. అది మీ మనస్సునకు అంగీకారము కానిచో ఆ పనిని ఒప్పుకొనకుడు.