ఉజ్జియా చేతిలోని ధూపార్తి



దావీదు గొఱ్ఱెలు కాచినవాడని మన పిల్లలు సహితము ఎరుగుదురు. అయితే యూదా రాజులలో సేద్యమునందు మక్కువగలవాడని లేఖనము చెప్పిన రాజెవరని అడిగినయెడల, పెద్దలలో కూడ చెప్పువారు తక్కువ. అతడు ఉజ్జియా. దినవృత్తాంతముల రెండవ గ్రంథము 26వ అధ్యాయము తీసి చూడుడి. అతడు పశువుల కొరకు బావులు త్రవ్వించెను. కొండలమీద ద్రాక్షతోటలు వేయించి పనివారిని నిలిపెను. బావి త్రవ్వించినవాని పేరు ఊరు ఎన్నటికి మరువదని మనకు తెలియును గదా!

16 ఏండ్ల ప్రాయములో సింహాసనమెక్కి 52 సంవత్సరములు ఏలెను. ఫిలిష్తీయులను గెలిచెను, యెరూషలేములో బురుజులు కట్టించెను. అతని సైన్యము 3,07,500 మంది. అతని పేరునకు యెహోవాయే నా బలమని అర్థము. రాజుల గ్రంథములో అతనికి అజర్యా అని మరియొక పేరున్నది. దానికి యెహోవా సహాయము చేసెనని అర్థము. తన బలమును తనకు దొరికిన సహాయమును దేవునివేయని పేరులోనే మోయుచు తిరిగిన మనుష్యుడు! అయినను, బలపడువరకు అతనికి అద్భుతమైన సహాయము కలిగెనని వ్రాసిన గ్రంథకర్త, మరుమాటలోనే బలపడిన తరువాత అతని మనస్సు గర్వించెనని వ్రాయుచున్నాడు. లేమి దినములలో మోకాళ్లూనినవాడు పంట ఇంటికి చేరిన తరువాత నిలువబడి ప్రార్థించుట మనమును చూచియున్నాము.

ఇంతకును అతడు చేసినదేమి? విగ్రహమునకు మ్రొక్కలేదు. అహాబువలె పరుని ద్రాక్షతోట లాగుకొనలేదు. దావీదువలె పరుని భార్యను ఆశింపలేదు. దేవుని మందిరములోనికి పోయి, దేవునికే ధూపము వేయబోయెను. పైకి చూచిన భక్తియే. అయితే ధూపవేదిక పని అహరోను సంతతికి అప్పగింపబడినది. ఆ కాలమున అష్షూరువంటి దేశములలో రాజే దేవుని యాజకుడుగా కూడ నుండెను. ఇశ్రాయేలులో మాత్రము రాజునకు సహితము దాటరాని గడప యొకటి ఉండెను. దేశమంతయు తనదైన మనుష్యునికి తనది కాని ఆ ఒక్క గడపయే కంటికి కనబడెను.

అప్పుడు యాజకుడైన అజర్యాయు, అతనితోకూడ ధైర్యవంతులైన 80 మంది యాజకులును రాజునకు ఎదురు నిలిచిరి. 81 మంది మనుష్యులు, ఎదుట ఇంత సైన్యముగల రాజు. ఇది నీ పని కాదు, బయటికి పొమ్మని చెప్పిరి. (మన సంఘములలో ఒక ధనవంతుని ఎదుట ఈ మాట చెప్పగల పెద్దలు ఎందరున్నారో నేను లెక్కపెట్టను.) ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. రాజు గడప దాటినప్పుడు తీర్పు రాలేదు. ధూపార్తి చేత పట్టినప్పుడును రాలేదు. బుద్ధి చెప్పినవారిమీద మండిపడినప్పుడు వచ్చెను. ఆ మాటలు వినుటకు దేవుడు అతనికి తరుణమిచ్చెను. అతడు దానిని కోపముతో నింపెను. అప్పుడే అతని నొసట కుష్ఠు పుట్టెను. ప్రధానయాజకుడు పరిశుద్ధతను గూర్చిన బంగారు రేకు కట్టుకొను స్థలము నొసలే.

అంతట అతడు తానే బయటికి త్వరపడెనని వ్రాయబడినది. అది అతని చివరి విధేయతయని నాకు తోచును. మరణమువరకు ప్రత్యేకమైన యింట నివసించెను. కుమారుడైన యోతాము రాజ్యము నడిపెను. సమాధి విషయములోను జనులు అతని కుష్ఠునే చెప్పుకొనిరి. 1931లో సుకెనిక్ అను పండితుడు ఒలీవల కొండమీది రష్యా మఠములో ఒక రాతిపలకను గుర్తించెను. ఉజ్జియా యెముకలు అక్కడికి తేబడినవనియు, తెరువకూడదనియు దానిమీద అరామిక్ భాషలో చెక్కబడియున్నది. అది యేసు ప్రభువు కాలమునకు దగ్గరదని పండితుల అభిప్రాయము. అనగా అతడు చచ్చిన ఏడువందల ఏండ్లకు కూడ జనులు అతని యెముకలను వేరుగానే చూచుచుండిరి! యూదుల చరిత్ర వ్రాసిన జోసీఫసు మరియొకటి చేర్చెను: ఆ దినమున గొప్ప భూకంపము కలిగి, మందిరము పగిలి, సూర్యకాంతి రాజు ముఖముమీద పడెనట. ఉజ్జియా దినములలో భూకంపము కలిగినమాట ఆమోసు గ్రంథము మొదటి వచనములో నున్నది. దానిని ఈ పాపమునకు ముడివేసినది లేఖనము కాదు, మనుష్యులు. దేవుడిచ్చిన తీర్పు చాలదన్నట్టు మరికొంత చేర్చుట మనకు ఎంత ఇష్టము!

ఈ మాట వ్రాయుటకు నాకొక కారణమున్నది. కొన్ని సంవత్సరముల క్రితము ఒక గ్రామ సంఘములో ఈ అధ్యాయమునుండియే ప్రసంగించితిని. ఆ దినము సంస్కారపు ఆదివారము. గుడి తలుపు దగ్గర చాపమీద ఒక వృద్ధుడు కూర్చుండెను. చిన్ననాడు కుష్ఠు వచ్చి, మందు తిని, ఎన్నడో స్వస్థపడినవాడు. వ్రేళ్లు మాత్రము వంకరగా నిలిచిపోయినవి. సంస్కారపు గిన్నె అందరి తరువాత గాని అతని యొద్దకు పోదు. నేను రాజు నొసటిని గూర్చి గొంతెత్తి చెప్పుచుండగా జనులు ఒక్కొక్కరే వెనుకకు తిరిగి అతనిని చూచిరి. అతడు తల వంచుకొనెను. ఆరాధన ముగిసిన తరువాత నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నాకు పదేండ్లప్పుడు వచ్చిందయ్యా. నేనే గుళ్లో దూరినాను?" అని మెల్లగా అడిగెను.

నాకు నోట మాట రాలేదు.

ఉజ్జియా రోగము తీర్పని మనకెట్లు తెలియును? దేవుని గ్రంథము చెప్పినది గనుక తెలియును. మన పొరుగువాని రోగమును గూర్చి అట్టి గ్రంథమేది? అదే లేఖనములో నయమానుకును కుష్ఠుండెను. అది ఏ పాపమునకు ఫలమని చెప్పబడలేదు. యోబు పుండ్లను చూచి అతని స్నేహితులు లెక్కకట్టి చెప్పిన తీర్పంతయు తప్పని దేవుడే పలికెను. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవడు పాపము చేసెనని శిష్యులడుగగా, ప్రభువు వీడును కాదు, వీని కన్నవారును కారని చెప్పెను.

లేవీయకాండము 13వ అధ్యాయములోని కుష్ఠు అను మాట బట్టలమీది మరకలకును వాడబడినది. కాబట్టి అది నేటి కుష్ఠువ్యాధి ఒక్కటే కాదు. నేటి వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనెను. నేడు ఆరు లేక పండ్రెండు నెలలు మాత్రలు మ్రింగిన పోవును. సర్కారు ఆసుపత్రిలో ఉచితముగా ఇత్తురు. స్పర్శ తెలియని మచ్చ కనబడినవారు సిగ్గుపడి దాచకుడి. 1915లో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసాని ఈ రోగుల కొరకు ఆసుపత్రి తెరచినప్పుడు మందు ఇంత సులువు కాదు. అయినను ఆమె వారి పాపములు అడుగక పుండ్లు కడిగెను. మనమో? క్రైస్తవుల విడాకుల చట్టములోనే కుష్ఠు ఒక కారణముగా 2019 వరకు నిలిచియుండెను.

రాజు తనది కాని ధూపార్తి పట్టెను. తీర్పు చెప్పు పని ఎవనిదో తెలిసియు, నేను ఆ ఆదివారము నాది కాని దానిని పట్టితినని నాకు తెలిసినది.

ఉజ్జియా మృతినొందిన సంవత్సరముననే యెషయా మందిరములో ప్రభువును చూచెను. ఈ ప్రవక్త ఆ రాజు కథ ఎరుగనివాడు కాడు. అపవిత్రుడననుట కుష్ఠరోగి వీధిలో కేకవేయవలసిన మాట. యెషయా ఆ మాటను చచ్చిన రాజుమీద వేయలేదు. తన పెదవులే అపవిత్రమైనవని తన్నుగూర్చి ఒప్పుకొనెను. అప్పుడు బలిపీఠమునుండి నిప్పు వచ్చి అతని పెదవులను తాకెను, అతడు కాలిపోలేదు.

మరుసటి నెల నేను తిరిగి ఆ గ్రామమునకు పోయి, గిన్నె పట్టుకొని మొదట తలుపు దగ్గరకు నడిచితిని. చాప అక్కడనే యుండెను. ఆ వృద్ధుడు రాలేదు.