ఏకసంతానము – బహుసంతానము

బిడ్డ యొక్కడే చాలునా, పలువురుండవలెనా అను ప్రశ్న నేడు గోదావరీ తీరమున ఇంటింట వినవచ్చుచున్నది. ఇద్దరికి మించి సంతానము గలవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994లో శాసనము చేసిరి. 2024లో ఆ నిబంధనను తొలగించిరి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1.7 సంతానమని తేలినది. రాజ్యము తన లెక్క తాను చూచుకొనును. గృహస్థుని చింత వేరు.

కోనసీమ అగ్రహారములలో పెక్కు మండువా ఇండ్లయందు వృద్ధదంపతులిద్దరే కానవత్తురు. ఉన్న ఒక్క కొడుకో కూతురో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉందురు. అక్కడ బిడ్డకు జ్వరమన్నచో ఇక్కడ తల్లికి నిద్ర పట్టదు.

ఈ వ్యథ క్రొత్తది కాదు. భారతమున అరణ్యపర్వమందు సోమకుని కథ కలదు. నూర్గురు భార్యలుండియు ఆ రాజునకు చిరకాలమునకు కలిగినవాడు జంతువను కొడుకొక్కడే. ఒకనాడు ఆ బాలుని చీమ కుట్టగా అంతఃపురమంతయు గొల్లుమనెను. సభనుండి పరుగున వచ్చిన రాజు, ఒక్క కొడుకుతో బ్రతుకు నిత్యభయమేగదా యని వగచి, ఋత్విజుని మాటపై ఆ బిడ్డనే వేల్చి నూర్గురిని పడసెను. జంతువు మరల తన తల్లికే పుట్టెను. ఋత్విజుడు నరకమున పడగా, తనకొరకే అతడా కర్మ చేసెనని రాజు ఆ నరకమును తానును అనుభవించెను. బిడ్డ పోవునేమో యను భయమే బిడ్డను బలిగొన్నది!

అట్లని పలువురున్నచోట క్షేమమని చెప్పవచ్చునా? బాలకాండమున ఋచీకునికి ముగ్గురు కొడుకులు. అంబరీషుడు లక్ష గోవులిచ్చి యజ్ఞపశువుగా ఒకనిని కొనవచ్చెను. జ్యేష్ఠుని ఈయనని తండ్రి యనెను. కడగొట్టువానిని ఈయనని తల్లి యనెను. నడిమివాడైన శునశ్శేపుడు, తన్ను అమ్మినట్లే యని తానే గ్రహించి రాజు వెంట నడచెను. అన్న విడిచిన చొక్కాలు తొడిగి పెరిగిన నడిమివారికి ఈ కథ వివరింపనక్కరలేదు. తోబుట్టువులు గలుగుట భాగ్యమే. కాని తలిదండ్రుల మాటలలో తన పేరు రాకపోవుటయు ఆ యింటనే జరుగును.

దేవకీదేవి మార్గము వేరు. సాక్షాత్తు శ్రీకృష్ణుడే కొడుకై యెదుట నిలిచియుండగా, కంసుడు చంపిన ఆర్గురు బిడ్డలను ఆమె చూడగోరెను. స్వామి సుతలమునుండి వారిని తెచ్చి తల్లికి చూపెను. ఇక ఒకరున్నారుగదా యని ఆ తల్లి లెక్కింపలేదు.

శంతనుడు లెక్కించెను. ఏకపుత్రత్వము అపుత్రత్వముతో సమానమని దేవవ్రతునితోనే అనెను. ఆ మాట విన్న కొడుకు తండ్రి కోర్కెకై తన వంశమునే విడిచి భీష్ముడాయెను. భీష్మైకాదశినాడు అంతర్వేది రథోత్సవమునకు పోవువారు, మూడు దినములు ముందుగా అష్టమినాడు గోదావరిలో నిలిచి, సంతతి లేని ఆ మహానుభావునకు తర్పణము విడుతురు. తండ్రి జీవించియున్నవారికిని ఈ తర్పణమునం దధికారము కలదని పెద్దలు చెప్పుదురు.