మొదటి ఆప్షన్ ఎవరిది?



మే నెల చివరి నుండి జూలై వరకు మన విచారణల్లో కొన్ని ఇళ్ళు ఉన్నట్టుండి మౌనంగా మారిపోతాయి. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్ళు అవి. ఆదివారం పూజ కాగానే గుడి మెట్ల దగ్గర నిలబడి తీరికగా మాట్లాడుకునే తల్లులు ఈ రెండు నెలలు మాత్రం త్వరత్వరగా ఇంటిదారి పడతారు. "మీ వాడికి ర్యాంకు ఎంత? సీటు ఎక్కడ?" అని ఎవరైనా అడుగుతారేమోనని భయం. అడిగేవారికి చెడు ఉద్దేశం ఉండదు. అయినా ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటుంది.

పరీక్షకు చదివేటప్పటి శ్రమ వేరు, రాసిన తరువాతి నిరీక్షణ వేరు. శ్రమలో చేతులకు పని ఉంటుంది, నిరీక్షణలో చేతులు ఖాళీగా ఉంటాయి. ముఖ్యంగా భౌతికశాస్త్రం వంటి కఠినమైన విజ్ఞాన శాఖను లోతుగా చదవాలని మనసుపడి, ఆ సీటు వస్తుందో రాదో తెలియక తిరుగుతున్న పిల్లలను తలచుకుని ఈ వారం ఇది రాస్తున్నాను. వారి నిరీక్షణలో ఒక నైతిక ప్రశ్న దాగి ఉంది. దానిని మనం సాధారణంగా గమనించము.

నిరీక్షణ రెండు విధాలు. ఒకటి, ఇంకా జరగని దానికోసం ఎదురుచూడడం: విత్తిన రైతు వానకోసం చూసినట్టు. రెండవది, జరిగిపోయినా మనకు ఇంకా తెలియని దానికోసం ఎదురుచూడడం. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసిన పిల్లవాడి సంగతి ఈ రెండవ రకానికి చెందినది. వాడు పరీక్ష గది దాటి బయటికి వచ్చేసరికి జవాబులన్నీ కంప్యూటర్లో నమోదై ఉన్నాయి. కీ విడుదలయ్యాక మార్కులు కూడా తనే లెక్కవేసుకుంటాడు. తెలియనిది ర్యాంకు ఒక్కటే. అయినా ఇంటిల్లిపాదీ ఆ సంగతి ఇంకా ఎక్కడో తేలవలసి ఉన్నట్టు, తమ ఆందోళన బరువుతో త్రాసు ఒకవైపు మొగ్గుతుందన్నట్టు నిద్ర మానుకుంటారు.

ఒక తల్లి పూజ చెప్పించుకోవడానికి వచ్చి అడిగింది: "ఫాదరుగారూ, పేపర్లు దిద్దడం అయిపోయిందంట గదా. ఇప్పుడు ప్రార్థన చేస్తే లాభముంటదా?" ఆమె అంతగా చదువుకోలేదు గాని, సెమినరీలో మేము నెలల తరబడి తర్కించుకున్న ప్రశ్ననే ఆమె అడిగింది. జరిగిపోయినదానిని జరగనట్టు చేయడం సర్వేశ్వరుని శక్తికి కూడా చెందిన విషయం కాదని పునీత తోమాసు అక్వినాసువారు బోధించారు. అది దేవునికి లోటు కాదు, ఆ మాటలోనే పరస్పర విరుద్ధత ఉంది. ప్రార్థన దేవుని సంకల్పాన్ని మార్చడానికి కాదని, ప్రార్థన ద్వారా మనకు కలగాలని ఆయన ఏర్పాటు చేసినవాటిని పొందడానికని కూడా ఆయనే వివరించారు. ఈ లెక్కన, మనం అడిగేది ముందే తెలిసిన దేవుడు మార్కులు వేసేవేళ కూడా ఆ ప్రార్థనను ఎరిగి ఉండగలడు. కనుక "లాభం లేదమ్మా" అని నేను చెప్పలేదు. "ర్యాంకు కోసం ఒక పరలోకజపం చెప్పండి, ర్యాంకు వచ్చాక మీరంతా ఎలా నడుచుకోవాలో దానికోసం పది చెప్పండి" అన్నాను. ఆమె నవ్వింది గాని, ఆ రెండవ భాగం నేను పరిహాసానికి అన్నది కాదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన రోజులు చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఫలితాల్లో తప్పులు దొర్లాయని గగ్గోలు పుట్టింది. కొద్ది రోజుల వ్యవధిలోనే ఇరవై మంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ పిల్లలను గూర్చి తీర్పు చెప్పడానికి మనమెవరం? ఆ ఇళ్ళలో అంతకుముందు రాత్రి ఏమి మాట్లాడుకున్నారో మనకు తెలియదు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఫలితం రాకముందే, భోజనం దగ్గర, మామూలు గొంతుతో, "ఏమొచ్చినా నువ్వు మా బిడ్డవే" అనే మాట పిల్లల చెవిన పడాలి. ఫలితం వచ్చాక చెబితే అది ఓదార్పుగానే వినిపిస్తుంది. ముందే చెబితేనే దానికి నిజం విలువ ఉంటుంది. పిల్లవాడు తిండి మానేసినా, ముభావంగా ఉన్నా వాణ్ణి ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరుగారికి చూపించండి. దీనికి సిగ్గుపడవలసిన పనిలేదు.

సరే, ర్యాంకు మన చేతిలో లేదు. మరి మన చేతిలో ఉన్నదేమిటి? మనుష్యుడు తన వల్ల అయ్యేవాటిని గూర్చే ఆలోచన చేస్తాడని, నిధి దొరకడంవంటి అదృష్టాలను గూర్చి ఎవరూ సమాలోచన చేయరని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో అంటాడు. ర్యాంకు ఇప్పుడు నిధి వంటిదే. కాని వెబ్ ఆప్షన్లు అలా కాదు. అవి మన చేతితో పెట్టేవి.

ఐఐటీల సీట్లు, ఎన్ఐటీల సీట్లు కలిపి 2015 నుండి జోసా అనే ఒకే కౌన్సెలింగ్ ద్వారా ఇస్తున్నారు. ఏ కాలేజీలో ఏ కోర్సు కావాలో విద్యార్థి ఒక వరుసలో రాయాలి. ఈ పద్ధతి వెనుక ఉన్న లెక్క నాకు చాలా నచ్చింది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు 1962లో కాలేజీ ప్రవేశాలను గూర్చి ప్రచురించిన ఒక చిన్న వ్యాసంలో దీని మూలం ఉంది. షాప్లీకి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది, గేల్ అప్పటికే మరణించారు. లెక్క ఇలా నడుస్తుంది. ప్రతి విద్యార్థి తన మొదటి కోరిక దగ్గర నిలబడతాడు. ఆ కోర్సులో సీట్లు ఎన్నో అంతమందిని, మంచి ర్యాంకుల వారిని, తాత్కాలికంగా నిలిపి ఉంచుతారు. మిగిలినవారు తమ రెండవ కోరిక దగ్గరికి వెళతారు. అక్కడ ముందే నిలబడి ఉన్నవారు కూడా తాత్కాలికమే గనుక, వచ్చినవాని ర్యాంకు మెరుగైతే వాడికే చోటు దొరుకుతుంది. అంటే మొదట పెద్ద కోరిక అడిగి కాదనిపించుకున్నందువల్ల రెండవ దానిలో ఏమీ నష్టపోడు. ఇటువంటి పద్ధతిలో విద్యార్థి తన నిజమైన ఇష్టాన్ని నిజమైన వరుసలో రాయడమే వాడికి క్షేమమని తరువాతి గణితజ్ఞులు రుజువు చేశారు.

ఆలోచించి చూడండి! లోకంలో చాలాచోట్ల నిజం చెప్పినవాడు నష్టపోతాడని మనం పిల్లలకు చెప్పకనే చెబుతుంటాం. ఇక్కడ మాత్రం నిజం చెప్పినవాడికి నష్టం లేకుండా లెక్క కట్టారు. అయినా మన ఇళ్ళలో ఆప్షన్లు పెట్టే రాత్రి ఏం జరుగుతుంది? నిరుటి చివరి ర్యాంకుల పట్టిక పక్కన పెట్టుకుని, బెంగళూరులో ఉన్న బావగారిని ఫోనులో అడిగి, కాలేజీ లెక్చరరుగారు చెప్పిన వరుస ఎక్కిస్తారు. కాన్పూరు ఐఐటీలో నాలుగేళ్ళ బీఎస్ భౌతికశాస్త్రమో, హైదరాబాదు ఐఐటీలో ఇంజనీరింగ్ ఫిజిక్సో మొదట రాయాలని ఉన్న అమ్మాయి పక్కన కూర్చుని మౌస్ కదుపుతూ ఉంటుంది. నూట ఇరవై పేర్ల జాబితాలో ఆమె కోరినది నూటపదో పేరవుతుంది, ఒక్కొక్కప్పుడు అసలే ఉండదు. సీటు వచ్చాక ఫ్రీజా, ఫ్లోటా, స్లైడా అని మళ్ళీ పెద్దల సభ. ఆ మూడు మాటల అర్థం ఆ అమ్మాయికే అందరికన్నా బాగా తెలుసు, కాని ఆమెను అడిగేవారుండరు.

ఎనిమిదవ ఆజ్ఞను మనం పొరుగువాని విషయంలోనే జ్ఞాపకం ఉంచుకుంటాం. తనను గూర్చి తాను అబద్ధపు సాక్ష్యం చెప్పడం, తన బిడ్డచేత చెప్పించడం కూడా ఆ ఆజ్ఞ కిందికే వస్తుందని నా అభిప్రాయం. "మా అమ్మాయికి కంప్యూటర్సే ఇష్టమండీ" అని తండ్రి పదిమందిలో చెబుతున్నప్పుడు ఆ పిల్ల తలవంచుకోవడం చూస్తుంటాము. ఆ వాక్యంలో ఇష్టం తండ్రిది, పేరు మాత్రం అమ్మాయిది.

తల్లిదండ్రుల మాటకు విలువ లేదని నేను అనడం లేదు. నాలుగవ ఆజ్ఞ కూడా ఆజ్ఞే. బ్యాంకు అప్పు నిజం, చెల్లెలి చదువు నిజం, తండ్రి ఆరోగ్యం నిజం. వాటిని బల్లమీద పెట్టండి. "అమ్మా, నాకు ఇంకా ఆరేళ్ళే సర్వీసు ఉంది, నీకు నాలుగేళ్ళలో ఉద్యోగం రాకపోతే ఇల్లు గడవదు" అని తండ్రి చెబితే అది నిజాయితీ, ఆ మాట విని పిల్ల తన వరుస తానే మార్చుకుంటే అది త్యాగం. తన భయానికి బిడ్డ ఇష్టమని పేరు పెట్టే అధికారం మాత్రం తండ్రికి లేదు. ఆ రెండింటికీ ఫలితంగా ఒకే సీటు రావచ్చు, కాని నాలుగేళ్ళ తరువాత ఆ ఇంట్లో మాటలు వేరుగా ఉంటాయి.

పిల్లలు కూడా తమ కోరికను పరీక్షించుకోవాలి. భౌతికశాస్త్రం ఇష్టమంటే ఏది ఇష్టం? ఆకాశాన్ని గూర్చిన వీడియోలు ఇష్టమా, పుట చివర వరకు లెక్క చేయడం ఇష్టమా? తిరుపతిలో 2015లో స్థాపించిన ఐసర్ వంటి సంస్థలకు వేరే ప్రవేశ పరీక్ష, వేరే ఆప్షన్లు ఉన్నాయి. అక్కడ అయిదేళ్ళ బీఎస్ - ఎంఎస్ కోర్సులో చేరిన ఎంపీసీ విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే జీవశాస్త్రం ఎదురవుతుంది. పదవ తరగతితో దానికి నమస్కారం పెట్టి వచ్చినవాడు మళ్ళీ కణం దగ్గర నుండి మొదలుపెట్టాలి. తరువాత పీహెచ్‌డీ, దానికి మరో అయిదారేళ్ళు. జాతీయ అర్హత పరీక్ష నెగ్గి జేఆర్ఎఫ్ పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. హాస్టల్లో బ్రతకడానికి చాలు, ఇంటికి పంపడానికి అంతంతమాత్రం. ఇవన్నీ తెలిసి కూడా కావాలంటే అది కోరిక. తెలియకుండా కావాలంటే అది ఇంకా ముచ్చటే.

కఠినత్వం సిలబస్‌లో మాత్రమే లేదు. రెండేళ్ళు నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడానికి అలవాటుపడిన బుర్రకు, అక్కడ ఆ నాలుగు జవాబులు కనిపించవు. మరొకటి, ప్రయోగశాల. చాలా జూనియర్ కాలేజీల్లో ప్రాక్టికల్స్ అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. రావలసిన జవాబు ముందే తెలుసు గనుక, రీడింగులు వెనకనుండి వేసుకుంటూ రావడం. గురుత్వ త్వరణం 9.8 రావాలి, కాబట్టి 9.8 వచ్చింది! పద్ధెనిమిదేళ్ళ పిల్లవాడు రికార్డు పుస్తకంలో మొదటిసారి అబద్ధం రాసేది బహుశా అక్కడే, అదీ మార్కుల కోసం, పెద్దల అనుమతితో. విజ్ఞానశాస్త్రం చదవదలచినవాడు వదిలించుకోవలసిన మొదటి అలవాటు ఇదే. ఆప్షన్ల జాబితాలో నిజం రాయలేనివానికి రికార్డు పుస్తకంలో నిజం రాయడం సులభమవుతుందా అని నా సందేహం.

మన కతోలిక కుటుంబాలు జ్ఞాపకం ఉంచుకోదగిన ఒక గురువు ఉన్నారు, బెల్జియం దేశపు జార్జ్ లెమేత్ర్. ఆయన 1911లో లూవేన్ కతోలిక విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. 1914లో యుద్ధం వచ్చి ఆ చదువు ఆగిపోయింది. ఫిరంగిదళంలో పనిచేసి తిరిగివచ్చాక ఇంజనీరింగ్ వదలి గణితం, భౌతికశాస్త్రం తీసుకున్నారు. 1920లో డాక్టరేటు, 1923లో గురుపట్టాభిషేకం. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసిన వ్యాసాన్ని మొదట్లో పట్టించుకున్నవారు తక్కువ, ఐన్‌స్టీన్ అంతటివాడే ఒప్పుకోలేదు. విశ్వపు ఆదిదశ ఆనవాలుగా ఎంచే సూక్ష్మతరంగ వికిరణం దొరికిందన్న వార్త ఆయనకు 1966లో, మరణానికి కొద్దిరోజుల ముందు, ఆసుపత్రిలో ఉండగా చేరింది. యుద్ధం ఆయనకు మేలు చేసిందని నేను అనను, అది లక్షలమందిని మింగింది. ఇంజనీరింగ్ సీటులో ఉన్నవాడు కూడా తన నిజమైన ఇష్టాన్ని తరువాత గుర్తించి మారగలిగాడన్నదే నేను చెప్పదలచింది. ఈ ఏడాది కోరిన సీటు రానివారు కూడా దీనిని గమనించాలి. మన విశ్వవిద్యాలయాల్లో బీఎస్సీ చదివి ఎంఎస్సీకి పెద్ద సంస్థలకు వెళ్ళే దారి ఇప్పటికీ తెరిచే ఉంది.

ఇక ఎదురుచూస్తున్న పిల్లలకు ఒక పని చెబుతాను, చేతులు ఖాళీగా ఉన్నాయన్నాను గదా. గట్టి దారానికి ఒక గుండ్రని రాయి కట్టి దూలానికో తలుపు చట్రానికో వేలాడదీయండి. పైనుండి రాయి మధ్యవరకు సరిగ్గా ఒక మీటరు ఉండాలి. కొంచెమే పక్కకు లాగి వదలి, ఇరవై ఊపులకు పట్టిన కాలం ఫోనులో చూసుకోండి. నలభై సెకన్లకు అటూఇటూగా వస్తుంది. దానిని ఇరవైతో భాగించి, వచ్చినదానిని వర్గం చేసి, 39.5ను దానితో భాగించండి. వేలు నొక్కడంలో అర సెకను తేడా వచ్చినా జవాబు 9.8కి బదులు 9.6 దగ్గరో పది దగ్గరో తేలుతుంది. పదిసార్లు చేసి పది అంకెలూ వచ్చినవి వచ్చినట్టే కాగితం మీద రాయండి. ఏ అంకె ఎందుకు తప్పి ఉంటుందో పక్కన ఒక ముక్క రాయండి. చెల్లెలిని పిలిచి ఆమెచేత కూడా కొలిపించండి, ఆమె అంకెలు మీవాటికన్నా దగ్గరగా రావచ్చు. మొదలుపెట్టేముందు ఫ్యాను ఆపడం మరచిపోకండి.